పాజ్ నొక్కినా ఆగని ఆటల గురించి: గేమ్‌లు తయారుచేసేవాళ్లకు ఒక బహిరంగ లేఖ

గేమ్‌లు తయారుచేసేవాళ్లకు, వాటి మీద 'హార్డ్‌కోర్' (పట్టుబట్టి ఆడేవాళ్లకి) అనీ 'క్యాజువల్' (కాలక్షేపానికి ఆడేవాళ్లకి) అనీ ముద్ర వేసి అమ్మేవాళ్లకు,

నమస్కారం.

పోయిన వారం ఒక రాత్రి పదకొండున్నరకి నేనొక గేమ్‌లో బాస్‌తో, అంటే దారికి అడ్డంపడే పెద్ద శత్రువుతో, కొట్టుకుంటున్నాను. గేమ్ పేరు ఇక్కడ అనవసరం. వారం రోజులుగా అదే బాస్, అదే కత్తి, అదే చావు. ఆ రాత్రి మాత్రం ఎందుకో చెయ్యి కుదిరింది. వాడు కత్తి ఎత్తగానే కుడివైపు దొర్లడం, రెండు దెబ్బలు కొట్టి వెనక్కి జరగడం, మూడో దెబ్బకి ఆశపడకపోవడం. ఆ మూడో దెబ్బ మీద ఆశే అంతకుముందు నన్ను ఇరవైసార్లు చంపింది. వాడి ఆయుష్షు గీత గోరంత మిగిలింది. ఇంకొక్క దెబ్బ వేస్తే అయిపోతుంది. సరిగ్గా అప్పుడే పక్క గదిలో పాప నిద్రలో ఉలిక్కిపడి ఏడ్చింది. నా వేలు దానంతటదే మెనూ బటన్ మీదికి పోయింది. మెనూ అయితే వచ్చింది గానీ ఆట ఆగలేదు. మెనూ వెనకాల వాడు తీరిగ్గా నడిచొచ్చి కత్తి ఎత్తడం చూస్తూనే లేచి వెళ్లాను. పాపని జోకొట్టి తిరిగొచ్చేసరికి తెర మీద చచ్చావని చెప్పే ఎర్ర అక్షరాలు కూడా పోయి, నేను మళ్లీ మొదటి మెట్టు దగ్గర నిలబడి ఉన్నాను.

మర్నాడు ఫోన్లో అమ్మకి చెప్పాను. "ముప్ఫయ్యోసారి చచ్చానమ్మా" అంటే, "ఆ మాట నోటివెంట రానివ్వకు. ఓడిపోయానను, చాలు" అంది. ఆ తర్వాత తన గోడు మొదలుపెట్టింది. అమ్మకి 67 ఏళ్లు. ఫోన్లో ఒకే రంగు బొమ్మలు మూడేసి కలిపే ఆట ఒకటి ఆరేళ్లుగా ఆడుతోంది. నాలుగు వేల లెవెళ్లు దాటింది. ఇప్పుడొక లెవెల్ దగ్గర తొమ్మిది రోజులుగా ఆగిపోయిందట. పొద్దున ఐదు లైఫ్‌లు, అంటే ఐదు ప్రయత్నాలు, మధ్యాహ్నం ఐదు, రాత్రి ఐదు. మనసులోనే లెక్కేసుకున్నాను, నూట ముప్ఫై దాటింది. పైగా ఏ మూల నుంచి మొదలుపెడితే ఏ గడి తెరుచుకుంటుందో పాత క్యాలెండర్ వెనక పెన్సిల్‌తో గీసి పెట్టుకుందట.

మీ స్టోర్ లెక్కలో నాది హార్డ్‌కోర్ గేమ్, అమ్మది క్యాజువల్ గేమ్. ఎలా తేల్చారో కాస్త చెబుతారా?

కష్టాన్ని బట్టే అంటారా? 2013లో వియత్నాంకి చెందిన డాంగ్ న్గుయెన్ తయారుచేసిన ఫ్లాపీ బర్డ్ గుర్తుందా? ఒక పిట్ట, కొన్ని గొట్టాలు, తెర మీద ఒక వేలు. నేర్చుకోవడానికి మూడు సెకన్లు చాలు. నాలుగో సెకనులో పిట్ట గొట్టానికి కొట్టుకుని పడిపోతుంది. మొదటిరోజు పది గొట్టాలు దాటినవాణ్ని నేను చూడలేదు. అంత కఠినమైన ఆటని ఎవరూ హార్డ్‌కోర్ అనలేదు, ఎందుకంటే అది ఫోన్లో ఉంది, పిట్ట ముద్దుగా ఉంది. గొడవ భరించలేక తయారుచేసినాయనే 2014 ఫిబ్రవరిలో దాన్ని స్టోర్ల నుంచి తీసేశాడు, అది వేరే కథ.

ఇంకా గట్టి సాక్ష్యం కావాలంటే, పైనుంచి పడే ముక్కల్ని వరసల్లో పేర్చే టెట్రిస్ ఉంది. 1984లో మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ మొదలుపెట్టిన ఆ ఆట 1989లో నింటెండో గేమ్‌బాయ్‌తో పాటు అందరి జేబుల్లోకీ చేరింది. బస్సు వచ్చేదాకా పొద్దుపోవడానికి ఆడేవాళ్లకి అంతకంటే మంచి ఆట లేదు. అదే ఏడాది టీవీకి తగిలించి ఆడే నింటెండో ఇంటి కన్సోల్‌కి వచ్చిన టెట్రిస్‌లో మాత్రం 29వ లెవెల్ అని ఒక గోడ ఉండేది. అక్కడ ముక్కలు ఎంత వేగంగా పడతాయంటే, బటన్ నొక్కి పట్టుకుంటే ముక్క పక్క గోడని చేరేలోపే నేలకి దిగిపోతుంది. ఆట అంతవరకే అని ఏళ్ల తరబడి అందరూ ఒప్పేసుకున్నారు. తర్వాత కొందరు నొక్కి పట్టుకోవడం మానేసి, వేలు వణుకుతున్నట్టుగా బటన్‌ని టపటపా కొట్టడం మొదలుపెట్టారు. గోడ కొంచెం వెనక్కి జరిగింది. ఆ తర్వాత ఇంకొకరు దాన్నే తిరగేశారు. బొటనవేలిని బటన్ మీద ఊరికే ఆనించి, కంట్రోలర్ వెనకవైపున మిగతా వేళ్లతో తబలా వాయించినట్టు వరసగా కొడితే, కంట్రోలరే వచ్చి వేలికి తగులుతుంది. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడని ఊరికే అనలేదు. 2023 డిసెంబర్‌లో 13 ఏళ్ల కుర్రాడొకడు 157వ లెవెల్ దాకా వెళ్లాడు. అక్కడ ఇక తట్టుకోలేక గేమే బిగుసుకుపోయింది. ఆ ఆట విడుదలైన 34 ఏళ్లకి ఒక మనిషి దాన్ని అక్కడిదాకా తరమడం అదే మొదటిసారి.

ఇప్పుడు చెప్పండి, టెట్రిస్ ఏ పెట్టెలో పెడతారు? బస్సు స్టాపులో ఆడేవాడు ఆడేదీ, వేళ్లు అరిగేలా ఆ కుర్రాడు ఆడిందీ అవే ఏడు ఆకారాల ముక్కలు. అటారీ అనే గేమ్ కంపెనీ స్థాపకుల్లో ఒకరైన నోలన్ బుష్నెల్ పేరు మీద ఒక మాట చెలామణిలో ఉంది: మంచి ఆట నేర్చుకోవడానికి తేలిగ్గా, ఆరితేరడానికి కష్టంగా ఉండాలని. ఆ మాటలో మొదటి సగం మీరు క్యాజువల్‌కి, రెండో సగం హార్డ్‌కోర్‌కి పంచేసి ఒకే ఆటని రెండు ముక్కలు చేశారు.

తుపాకులు, రక్తం, గ్రాఫిక్స్ కార్డు ఖరీదు, ఆడేవాళ్ల వయసు, ఆడా మగా అన్న లెక్కలు కూడా కొందరు చెబుతుంటారు. వాటి మీద సిరా ఖర్చు చెయ్యను.

నాకు తెలిసి అసలు తేడా ఆట లోపల ఉన్న కష్టంలో లేదు, ఆట మొదలవకముందే మీరు మా నుంచి ఆశించేదాంట్లో ఉంది. ఇదొక ఉదాహరణతో చెబుతాను. ఒకసారి అమ్మ మా ఇంటికొచ్చినప్పుడు సరదాగా నా కంట్రోలర్ ఆవిడ చేతికిచ్చాను. ఎడమ స్టిక్‌తో నడవాలి, కుడి స్టిక్‌తో చూడాలి, అంతే అన్నాను. అంతే అనడం నాకు తేలిక. మా హీరో ముందు ఆకాశం కేసి చూశాడు. తర్వాత తన కాళ్లు చూసుకున్నాడు. తర్వాత ఒక గోడ మూలకి వెళ్లి, ఆ గోడనే మొహంతో రుద్దుతూ అక్కడే పరుగెత్తాడు. శత్రువు ఎవడూ రాలేదు, ఒక్క దెబ్బ పడలేదు, అది అన్నిటికంటే తేలికైన మోడ్. "నడిచేటప్పుడు చూడ్డానికి ఇంకో చెయ్యి కావాలట్రా?" అని కంట్రోలర్ నా ఒళ్లో పెట్టేసింది. నాకు నవ్వొచ్చింది, తర్వాత సిగ్గేసింది. ఆ రెండు స్టిక్కుల పొందిక నా వేళ్లకి ఇరవయ్యేళ్లుగా పట్టిన అలవాటు. మీ గేమ్‌లో పాఠం మొదలయ్యే ముందే ఆ ఇరవయ్యేళ్ల చదువు నాకు ఉందని మీరు లెక్కేసుకున్నారు. అమ్మని ఆపింది మీ బాస్ కాదు, మీ గుమ్మమే.

గుమ్మం తీసేస్తే ఏమవుతుందో మీలోనే కొందరు చూపించారు. 2006లో నింటెండో వీ అనే కన్సోల్ వచ్చింది. రిమోట్ పట్టుకుని రాకెట్ ఊపినట్టు ఊపితే తెర మీద టెన్నిస్ ఆడతారు, బంతి దొర్లించినట్టు చెయ్యి ఊపితే బౌలింగ్ ఆడతారు. ఏ బటన్ ఎక్కడుందో ముందే తెలియక్కర్లేదు. అలాంటివి 10 కోట్ల పైనే అమ్ముడయ్యాయి. అంతకుముందు 1990లో విండోస్ 3.0తో వచ్చిన సాలిటైర్ అనే పేకముక్కల ఆట అయితే ఆటగా ఉంటూనే కోట్లమందికి మౌస్‌తో పట్టుకుని లాగి వదలడం నేర్పింది. దాన్ని చిన్నాట అని తీసిపారేసేవాళ్లలో చాలామంది వేళ్లకి మొదటి పాఠం చెప్పింది అదే.

రెండో సంగతి, ఓడిపోతే మీరు వసూలు చేసేది. ఇక్కడే ముద్రలన్నీ తలకిందులవుతాయి. 1980లో వచ్చిన రోగ్, 1987లో వచ్చిన నెట్‌హ్యాక్ లాంటి వాటిలో పాత్ర ఒకసారి పోతే పోయినట్టే, గంటల కొద్దీ కూడబెట్టిందంతా పోతుంది, మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాలి. 2011లో వచ్చిన డార్క్ సోల్స్‌లో సంపాదించిన సోల్స్ (ఆ ఆటలో డబ్బులాంటివి) అన్నీ పడిపోయిన చోటే మిగిలిపోతాయి, వెళ్లి ఏరుకోవడానికి ఒక్క అవకాశం ఇస్తారు, దారిలో మళ్లీ పడితే అవీ పోతాయి. 2018లో వచ్చిన సెలెస్ట్‌లో పడిన క్షణానికే అదే గది మొదట్లో మళ్లీ నిలబడతాం. ఎన్నిసార్లు పడ్డామో లెక్క కూడా చూపిస్తుంది, ఆ లెక్క ఎంత పెరిగితే అంత నేర్చుకుంటున్నట్టని ధైర్యం చెబుతుంది. అన్నీ కష్టమైన ఆటలే. కానీ ఓడినవాడితో మూడు రకాలుగా మాట్లాడతాయి.

ఇక క్యాజువల్ అని మీరు పేరు పెట్టినవాటి సంగతి. 2012లో వచ్చిన క్యాండీ క్రష్ సాగా పద్ధతి అందరికీ తెలిసిందే: ఐదు లైఫ్‌లు, అవైపోతే ఒక్కోటి తిరిగి రావడానికి 30 నిమిషాలు. ఆగలేకపోతే డబ్బు కట్టు, లేదా స్నేహితుల్ని అడుక్కో. ఇది నాకు ఎక్కడో చూసినట్టు అనిపించి, ఎక్కడబ్బా అని ఆలోచిస్తే, ఆటశాలల్లో నాణెం వేసి ఆడే ఆర్కేడ్ పెట్టెకి ఉండే నాణెం రంధ్రం గుర్తొచ్చింది. పాత ఆర్కేడ్ గేమ్‌లు అంత కష్టంగా ఎందుకుండేవంటే, ఆటగాడు తొందరగా ఓడితేనే ఇంకో నాణెం పడుతుంది. తేలికైన ఆట ఉన్న యజమానికి పెట్టె నిండదు. ఇళ్లల్లోకి కన్సోళ్లు వచ్చి, గేమ్ మొత్తం ఒకేసారి కొనుక్కున్నాక ఆ అవసరం పోయింది. కష్టం అలవాటుగా మిగిలింది, కొన్నాళ్లకి గర్వంగా మారింది. కానీ నాణెం వారసుడు మాత్రం హార్డ్‌కోర్ వైపు రాలేదు, ఫోన్లోకి వెళ్లాడు. నా బాస్ నన్ను వెయ్యిసార్లు ఓడించినా పైసా అడగడు. అమ్మ ఆటలో ఆరో ప్రయత్నానికే బేరం మొదలవుతుంది. ఎవరి ఆటలో జాలి ఎక్కువో మీరే చూడండి.

మధ్యలో ఒక చిన్న మాట. ఆర్కేడ్‌ల కాలంలోనే 1980లో నామ్‌కో అనే గేమ్ కంపెనీలో తోరు ఇవాతాని అనే ఆయన, ఆర్కేడ్‌లకి రాని ఆడవాళ్లు, జంటలు కూడా వచ్చి ఆడుకునేట్టు, కాల్పులు లేని ఆట ఒకటి కావాలనుకుని ప్యాక్‌మ్యాన్ చేశాడు. ఈ రోజు లెక్కలో అది పక్కా క్యాజువల్ ఆలోచన. ఆ ఆటకే అంకితమైపోయినవాళ్లు 256వ లెవెల్ దాకా వెళ్లి, లెవెల్ లెక్క పట్టక తెరలో కుడి సగమంతా చెత్త అక్షరాలతో నిండిపోవడం చూసి గానీ ఆగలేదు.

మూడోది సమయం. నా కోపమంతా ఇక్కడే కాబట్టి కాస్త ఓపిక పట్టండి.

లీగ్ ఆఫ్ లెజెండ్స్ లాంటి ఆటలో పది మంది మనుషులు కలిసి ఆడుతుంటారు, మ్యాచ్ అరగంటకి అటూ ఇటూ పడుతుంది. మధ్యలో లేచి వెళ్లిపోతే నా పక్షాన ఉన్న నలుగురి సాయంత్రం పాడవుతుంది, నాకు శిక్ష పడుతుంది. న్యాయమే. అక్కడ పాజ్ అడిగే మొహం నాకు లేదు. కానీ ఇంట్లో ఒక్కణ్నే, ఇంటర్నెట్ తీగ పీకేసి, కంప్యూటర్ నడిపే ఒక బొమ్మ మనిషితో కొట్టుకుంటున్నప్పుడు కూడా ఆట ఆగకపోవడం ఏమిటి? టెన్షన్ తగ్గిపోతుందంటారు. మెనూలో వస్తువులు వెతుక్కునేటప్పుడు కూడా భయం ఉండాలంటారు. ఒప్పుకుంటాను, ఆ భయం నాకు ఇష్టమే. అయితే మెనూ తెరవడం వేరు, మనిషి లేచి వెళ్లడం వేరు. ఆట సామాను మెనూలో కాలాన్ని నడిపించండి, విడిగా ఒక పాజ్ ఇవ్వండి. సెకిరో అనే కఠినమైన ఆటలో పాజ్ ఉంది. 2019లో అది వచ్చినప్పుడు కష్టం తగ్గించే మోడ్ లేదని ప్రపంచమంతా కొట్టుకున్నారు గానీ, పాజ్ ఉండడం వల్ల ఆట తేలికైపోయిందని ఒక్కడూ అనలేదు.

క్యాజువల్ ఆటలకి ఈ విషయంలో దండం పెట్టాలి. ఫోన్ మోగితే ఆగుతాయి, జేబులో పెట్టేస్తే ఆగుతాయి, తీస్తే ఎక్కడ వదిలామో అక్కడే ఉంటాయి. ఒక ఆటని హార్డ్‌కోర్ చేసేది చాలాసార్లు శత్రువు బలం కాదు, తెగని గంట ఒకటి కావాలని పట్టుబట్టడం. ఆ గంట ఉన్నవాళ్లకి అదొక లెక్కే కాదు. చిన్నపిల్లలున్నవాళ్లకి, మంచాన పడ్డ పెద్దవాళ్లని చూసుకునేవాళ్లకి, రాత్రి డ్యూటీల వాళ్లకి అదే అన్నిటికంటే పెద్ద బాస్. పదిహేనేళ్ల కిందట నేను హార్డ్‌కోర్, ఇప్పుడు క్యాజువల్ అయిపోయానని మిత్రులు ఎగతాళి చేస్తుంటారు. నా చెయ్యి అదే, ఇష్టం అదే. పోయింది ఆ గంట ఒక్కటే.

ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది వీడి యవ్వారం అని మీరు అనుకునేలోపు ఒకటి చెప్పేస్తాను. ఆటల్ని తేలిక చెయ్యమని నేను అడగడం లేదు. ఒకే కష్టం, ఎవరికైనా అదే, అని తయారుచేసే హక్కు మీకుంది. ముప్ఫైసార్లు ఓడాక దక్కే గెలుపు రుచి నాకు తెలుసు, దాన్ని నీళ్లు పోసి పలచన చెయ్యొద్దు. నాకు కోపం తెప్పించేది వెటకారం. 1992లో వచ్చిన వుల్ఫెన్‌స్టైన్ 3డీలో అన్నిటికంటే తేలిక మోడ్ ఎంచుకుంటే, హీరో మొహానికి చంటిపిల్లల టోపీ పెట్టి, నోట్లో పాలపీక పెట్టి చూపించారు. "నాన్నా, నేనూ ఆడనా?" అన్నట్టు ఆ మోడ్‌కి పేరు. అప్పటికి అది జోకే, నేనూ నవ్వాను. ముప్ఫయ్యేళ్లు దాటినా ఆ జోక్ మాత్రం మీ మెనూల్లోంచి పోలేదు. కొన్ని ఆటల్లో తేలిక మోడ్ ఎంచుకోగానే 'ఇది కథ కోసమే ఆడేవారికి' అని ఒక జాలి వాక్యం కనబడుతుంది, కొన్నిటిలో చివరి ఘట్టానికి తాళం పడుతుంది.

దీనికి విరుగుడు కూడా మీ ఇంట్లోనే ఉంది. 1986లో గ్రాడియస్ ఆటని ఇంటి కన్సోల్‌కి మారుస్తున్న కొనామీ ఉద్యోగి కజుహిసా హషిమోతోకి ఆ ఆట తనకే మరీ కష్టంగా అనిపించింది. పరీక్షించి చూసుకోవడానికి వీలుగా ఒక రహస్య బటన్ల వరస పెట్టుకున్నాడు: పైకి పైకి, కిందికి కిందికి, ఎడమ కుడి, ఎడమ కుడి, బి, ఏ. నొక్కితే ఆయుధాలన్నీ వచ్చేస్తాయి. అదే తర్వాత కొనామీ కోడ్ అని ప్రపంచమంతా పాకింది. దాన్ని కంఠతా పట్టడం హార్డ్‌కోర్ గుర్తుగా చెప్పుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అది తయారీదారుడు తనకోసం పెట్టుకున్న తేలిక మోడ్ అని గుర్తుంటే బాగుండు. సెలెస్ట్‌లో అయితే ఇంకా హుందాగా చేశారు. కావాలంటే ఆట వేగాన్ని సగానికి తగ్గించుకోవచ్చు, అలసట లేకుండా చేసుకోవచ్చు, దెబ్బే తగలకుండా చేసుకోవచ్చు. టోపీ లేదు, పాలపీక లేదు. అయినా ఆ ఆట కష్టానికి ఉన్న పేరు ఇసుమంతైనా తగ్గలేదు.

ఇంతకీ మిమ్మల్ని అడిగేది ఇది. హార్డ్‌కోర్, క్యాజువల్ అన్న ముద్రలు తీసేసి, కొనే ముందు మాకు పనికొచ్చే నాలుగు ముక్కలు చెప్పండి. పాజ్ నొక్కితే ఆట ఆగుతుందా, ఆగదా. ఒక సేవ్‌కీ ఇంకో సేవ్‌కీ మధ్య మామూలు ఆటగాడికి ఎన్ని నిమిషాలు పడుతుంది. ఓడితే ఏం పోతుంది, ఆట పోతుందా, సామాను పోతుందా, డబ్బు పోతుందా, అరగంట పోతుందా. ఒకేసారి ఎన్ని వేళ్లకి పని పడుతుంది. ఇది చెయ్యలేని పనేం కాదు. గేమ్‌లకి రేటింగ్ ఇచ్చే వ్యవస్థలు, అమెరికాలో ఈఎస్‌ఆర్‌బీ 1994 నుంచి, యూరప్‌లో పెగీ 2003 నుంచి, డబ్బా మీద వయసు, రక్తపాతం, బూతులు అన్నీ గుర్తులేసి చెబుతున్నాయి. ఎంత రక్తం చిందుతుందో చెప్పగలిగినవాళ్లు నా రాత్రి ఎంత ఖర్చవుతుందో చెప్పలేరా? కంప్యూటర్ గేమ్‌లు అమ్మే స్టీమ్ స్టోర్‌లో ఎప్పుడైనా సేవ్ చేసుకోవచ్చు, కష్టం మార్చుకోవచ్చు లాంటి గుర్తులు వచ్చాయి. వాటిని నింపాల్సింది మీరే. కొన్ని గేమ్‌ల పేజీల్లో ఆ గడులు ఖాళీగా చూస్తుంటే, వంట చేశాక ఉప్పేశామో లేదో చెప్పడానికి బద్ధకించినట్టుంది.

ఈ రాత్రి పాపకి జలుబు తగ్గింది. పదకొండింటికి మళ్లీ కూర్చుంటాను.

ఇట్లు,
పాప నిద్రపోయాక ఆడుకునే ఒక ఆటగాడు

తా.క.: ఈ ఉత్తరం రాస్తుండగా అమ్మ ఫోన్ చేసింది. ఆ లెవెల్ పదో రోజున దాటిందట. అదనపు ఎత్తులు కొనుక్కున్నావా అని అడిగితే, "నేనెందుకు కొంటానురా, ఎడమవైపు మూల నుంచి మొదలుపెట్టాలి, అదీ కిటుకు" అంది. నా బాస్ ఏ వైపు నుంచి కొడతాడని కూడా అడిగింది. కుడివైపు నుంచి అన్నాను. క్యాలెండర్ వెనక గీసి పంపమంది.